మా చేను మీద ఇసుక మేట

పోయిన వారం మా ఇంటి వెనక గోడ పగుళ్లు పూడ్చడానికి మేస్త్రీ వచ్చాడు. రెండు బస్తాలు మోసుకొచ్చి వాకిట్లో కుమ్మరించాడు. చూస్తే బూడిద రంగులో ఏదో పొడి.

"ఇదేంది మేస్త్రీ, ఇసక తెమ్మంటే రాతిపొడి తెచ్చినావు?" అన్నాను.

"ఇప్పుడు ఇసకంటే ఇదేమ్మా. కొండరాళ్లు మిషన్లో ఏసి ఆడిస్తారు. ఏటి ఇసక ఇంగ యాడుండాది?" అని అతను తన పనిలో పడిపోయాడు.

పిడికెడు తీసి చూశాను. వేళ్లకు గుచ్చుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా లేదు. అతనితో అంటే నవ్వుతాడని ఊరుకున్నాను గానీ, ఇసుకకు వాసన ఉంటుంది. ఎండకు కాగినప్పుడు ఒక వాసన, తెల్లవారి మంచులో ఒక వాసన, మోచేతి లోతు తవ్వాక చేతికి తగిలే తడి ఇసుకకు వేరే వాసన. ఆ వాసన మధ్యే నేను పుట్టి పెరిగాను.

మాది తిరుచానూరుకు దిగువన, ఏటి ఒడ్డున ఒక చిన్న పల్లె. మా ఏట్లో నీళ్లు పైకి కనబడేది కార్తీకం వానలప్పుడే. మాఘం నాటికి సన్నని పాయ మిగిలేది. శివరాత్రి దాటితే అదీ ఇంకిపోయి, ఎటు చూసినా తెల్లటి ఇసుకే. అమ్మ పుట్టిల్లు సత్యవేడు పక్క. పెళ్లయి కొత్తగా వచ్చినప్పుడు ఏటిని చూసి బిత్తరపోయిందట. "ఏరు ఏరని మావాళ్ల కాడ గొప్పలు సెప్పుకుంటిరి, నీళ్లు యాడ అత్తా?" అని అడిగిందట. "దుప్పటి కప్పుకోని పండుకోనుండాది మే. లేపితే లేస్తాది" అని అవ్వ కొత్త కోడలిని ఏటి నడిమికి పిలుచుకుపోయి, టెంకాయ చిప్పతో గుంట తవ్వి చూపించిందట. చూస్తుండగానే గుంటలో నీళ్లు ఊరాయి. అవ్వంటే మా నాయనను కన్నతల్లి. ఈ కథను ఆమె ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేది, అమ్మ ప్రతిసారీ కొత్తగా సిగ్గుపడేది.

ఆ గుంటను చెలమ అనేవాళ్లం. మొదట ఊరిన నీళ్లు మడ్డిగా ఉంటాయి. వాటిని తోడి పారబోయాలి, మళ్లీ ఊరినవీ పారబోయాలి. ఆ తర్వాత వచ్చే నీళ్లు ఎంత తేటగా ఉండేవంటే, అడుగున ఇసుక రేణువులు ఎగిరెగిరి పడడం కనిపించేది. ఊళ్లో బావి ఉన్నా పప్పుకు మాత్రం చెలమ నీళ్లే కావాలి అవ్వకు. ఆ నీళ్లలో ఉడికిన కందిపప్పు గరిటె తగిలితే మెదిగిపోయేది. రోజూ పొద్దున బిందె చంకన పెట్టుకొని ఆమె ఏట్లోకి దిగితే, వెనకాల నేనూ తమ్ముడూ. ఆమె నీళ్లు ముంచుకుని లేవగానే మేము చెలమలో కాళ్లు పెట్టి కలిపేసేవాళ్లం. తర్వాత వచ్చిన ఆడవాళ్లు తిట్టే తిట్లు వినడానికి ఇసుక దిబ్బ వెనక దాక్కునేవాళ్లం.

మా చేను ఏటి గట్టును ఆనుకొనే ఉండేది. పై సగం చెరుకు, కింది సగం వరి. నడుమ రాతికట్టు బావి, దాని మెట్ల మీద ఆయిల్ ఇంజను. గట్టు మీద మూడు తాటిచెట్లు. ఏరు ఎండిపోయిన నడి వేసవిలో కూడా మా బావిలో నీళ్లు తగ్గేవి కావు. నాయన తక్కువ మాటల మనిషి. ఒకసారి మాత్రం, బావి ఎందుకు ఎండదని నేను అడిగితే, "ఏరు తల్లి, బావి బిడ్డ. తల్లి కాడ పాలున్నన్నాళ్లు బిడ్డకేం బయం?" అన్నాడు. నాయన నాతో అంత పొడుగు మాట మాట్లాడడం నాకు తెలిసి అదే మొదలు.

నాయనకు రావలసిన మాటలు కూడా చిన్నాయనకే వచ్చేశాయని అవ్వ అనేది. చిన్నాయన నాయన తమ్ముడు. అప్పటికి పెళ్లి కాలేదు. బెల్లం వండడంలో మా చుట్టుపక్కల అతనికి మంచి పేరు. చెరుకు నరికే కాలం వస్తే చేని పక్కనే గానుగ ఆడేది, పెద్ద ఇనుప పెనంలో రసం కాగేది. నురుగు తీసేటప్పుడు వచ్చే ఆ పచ్చి తీపి వాసన ఊరి దాకా పాకి, బడిలో ఉన్న మా ముక్కులకు తగిలేది. ఇక పంతులు ఏం చెప్పినా చెవికి ఎక్కేది కాదు. బడి వదలగానే పరుగు. చిన్నాయన చెరుకు ముక్క కొసను పాకంలో ముంచి, వెంటనే చన్నీళ్లలో ముంచి చేతికిచ్చేవాడు. పళ్లకు అతుక్కొని సాగే ఆ తీపి ముద్ద కోసం నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్లం.

చలి ముదిరితే అనపకాయల కాలం. అవ్వ అనపగింజలు ముందురోజే నానబెట్టి, మమ్మల్ని చేట ముందు కూర్చోబెట్టి తొక్క పితకమనేది. రెండు వేళ్ల నడుమ గింజను నొక్కితే పప్పు ఎగిరి పడుతుంది. తమ్ముడు గురిచూసి నా మొహానికి కొట్టేవాడు, నేను వాడి చెవికి కొట్టేదాన్ని. సగం పప్పు నేలపాలు. "ఒరే, అది కూరకురా, యుద్దానికి గాదు" అని అవ్వ అరిచేది. ఆ పితికిపప్పు కూరలో వేడి వేడి రాగిసంగటి ముంచుకొని తింటుంటే, బయట చలికి పశువులు కూడా పొయ్యి వైపే చూస్తున్నట్టుండేది.

ఇవన్నీ ఎప్పటికీ ఇట్లాగే జరుగుతాయనుకున్నాం. పిల్లలం కదా. పెద్దవాళ్లు కూడా అట్లాగే అనుకున్నారని తర్వాత అర్థమైంది.

ఆ ఏడు కార్తీకంలో వాన పట్టుకుంది, వదల్లేదు. మిద్దెలు కారాయి, గోడలు ఉబ్బాయి, పొయ్యిలో కట్టెలు అంటుకోక పొగ మాత్రమే వచ్చింది. ఒక పొద్దున ఊరంతా "ఏరొచ్చినాది, ఏరొచ్చినాది" అని కేకలు. మామూలుగా అది సంతోషం కేక. ఆడవాళ్లు పసుపు కుంకుమలతో గట్టుకు పోయి తొలి నీళ్లకు దండం పెట్టేవాళ్లు. ఆ రోజు కూడా అవ్వ పళ్లెం పట్టుకొనే బయలుదేరింది. కానీ చేని దాకా పోలేకపోయాం. నీళ్లు అప్పటికే గట్టు దాటి చెరుకులో జొరబడ్డాయి.

నాయనా చిన్నాయనా ముందే అనుమానించి ఇంజనును విప్పి బండిలో వేసుకొని వచ్చేశారు. చేతనైంది అదొక్కటే. తక్కినదంతా ఊరి చివర మెరక మీద నిలబడి చూడడమే. మనిషెత్తు దాటి పెరిగి, ఇంక నెల పోతే నరకవలసిన చెరుకు, ఎవరో వెనకనుంచి తోస్తున్నట్టు ఒక పక్కకు వంగింది. ఎర్రటి నీళ్లలో ఆకుల కొసలు మాత్రం కొట్టుకుంటున్నాయి. అవ్వ పళ్లెంలో కుంకుమంతా నీళ్లలోకి విసిరి, "తాగినంత తాగిపో తల్లీ, సేను మాత్రం యిడిసిపెట్టు" అని మొక్కింది. నాయన ఆమె భుజం మీద గోనెపట్ట కప్పి, "రామ్మా, తడస్తావు" అన్నాడు. అప్పటికే ఆమె తడిసి ముద్దయి ఉంది.

నీళ్లు తీశాక పోయి చూస్తే చేను లేదు. చేను ఉన్న చోట ఇసుక. పెద్దవాళ్ల నడుము దాకా మేట వేసి ఉంది. వరి ఆనవాలు లేదు. పై సగంలో చెరుకు కొసలు మాత్రం ఇసుకలోంచి బయటికి వచ్చి, గాలికి ఊగుతున్నాయి. నాయన చేతికర్రతో పొడుచుకుంటూ నడిచాడు. "ఈడ గెనిమ ఉండాల. ఈడ కాలవ ఉండాల" అని తనలో తాను అనుకుంటున్నాడు. చేని గట్టును మా పక్క గెనిమ అంటారు. ఒక్క గెనిమా దొరకలేదు.

మాకు మాత్రం ఆ రోజు తిరునాళ్లే. అంత తెల్లటి, అంత మెత్తటి ఇసుకను మేమెప్పుడూ చూడలేదు. నీటి అలలు గీసిన గీతలు అట్లాగే ఉన్నాయి. పల్లాల్లో నిలిచిన నీళ్లలో వేలెడంత చేపలు. తమ్ముణ్ణి మెడ దాకా పూడ్చిపెట్టి, వాడి తల చుట్టూ గవ్వలు పేర్చాను. వాడు కిచకిచ నవ్వుతున్నాడు. అమ్మ చూసి, "సేను మునిగి ఏడస్తా ఉంటే మీకు ఆటలా?" అని చెయ్యెత్తింది. నాయన దూరం నుంచే, "ఆడుకోనీ లే. వాళ్లకన్నా పనికొచ్చింది" అన్నాడు.

పూడిన చెరుకును తవ్వి తీసి, వచ్చినకాడికి గానుగాడారు. ఆ బెల్లంలో ఇసుక. చిన్నాయన ఎన్నిసార్లు వడగట్టినా పోలేదు. మండీలో ఎవరూ ముట్టలేదు. ఆ ఏడంతా మేమే తిన్నాం. పాయసం తాగినా, శెనక్కాయల ఉండ కొరికినా, పంటి కింద కరకరమనేది. "ఏటికి మన మింద ప్రేమెక్కువైంది, కడుపులోకి గూడా వస్తాండాది" అని చిన్నాయన నవ్వించేవాడు. నాయన నమిలి నమిలి మింగేవాడు.

తర్వాత ఇసుకను ఎత్తిపోసే పని మొదలైంది. పొద్దున ఎద్దులబండి కట్టుకొని నలుగురూ పోయేవాళ్లు. నాయనా చిన్నాయనా పారలతో తోడితే, అమ్మా అవ్వా గంపలతో బండికెత్తేవాళ్లు. బడి లేని రోజు మేమూ చిన్న తట్టలు పట్టుకునేవాళ్లం. తీసుకుపోయి ఏట్లోనే పోసేవాళ్లం. "ఏటిది ఏటికే" అనేది అవ్వ, అప్పు తీర్చినట్టు. ముందు బావిలో పూడిక తీశారు. రాతికట్టు చెక్కుచెదరలేదు, అడుగున నీళ్లు తియ్యగానే ఉన్నాయి. నాయన మొహంలో వెలుగు చూసింది ఆ రోజే. కానీ చేను? చలికాలం పోయి ఎండలు మొదలయ్యేసరికి మేము ఇసుక తీసి తేర్చింది మా ఇంటి పెరడంత. మధ్యాహ్నం గాలి లేస్తే, తేర్చిన చోటికి పక్కనుంచి మళ్లీ ఇసుక జారేది. అమ్మ అరచేతులు పొక్కి, సంగటి ముద్ద పట్టుకోలేక గరిటెతో తినేది.

అట్లాంటప్పుడు ఒకరోజు తెల్లచొక్కా ఆసామి ఒకడు జీపులో వచ్చాడు. తిరుపతిలో ఇళ్లూ లాడ్జీలూ లేస్తున్నాయని, ఇసుక కావాలని అన్నాడు. "మీ సేలోదంతా మేమే ఎత్తకపోతాం. మీకు ఒక్క పైసా కర్సు లేదు. లారీలు రావడానికి సేని పక్కన దోవ ఇస్తే సాలు" అన్నాడు. నాయనకు నమ్మకం కుదరక, "అంతా ఎత్తకపోతారా సామీ?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. చిన్నాయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. అవ్వ ఇంటి నుంచి మజ్జిగ తెప్పించి, ఉప్పూ అల్లమూ వేసి ఇచ్చింది. సాగనంపి ఇంటికి వచ్చాక అమ్మ మాత్రం, "ఒకరింటి సెత్త ఇంగొకరు ఊరికే ఎత్తిపోస్తారా?" అంది. ఎవరూ వినిపించుకోలేదు. నిజం చెప్పాలంటే, వినిపించుకుని కూడా మేము చేయగలిగింది ఏమీ లేదు. ఆ చేతులతో ఇంకెన్నాళ్లు ఎత్తుతుంది ఆమె?

లారీలు వచ్చాయి. మొదటి లారీ తోలింది పాకాల నుంచి వచ్చిన ఒక సాయిబు. మేము డ్రైవర్ భాయి అనేవాళ్లం. మధ్యాహ్నం తాటిచెట్ల నీడలో కూర్చొని రొట్టెల మూట విప్పేవాడు. అవ్వ అతనికి మా సద్దిలోంచి శెనక్కాయలతో నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టేది. "అరే అమ్మీ, ఇది బలే ఉండాది. మా ఇంట్లో ఆమెకు నేర్పిస్తావా?" అని వేళ్లు నాకేవాడు. నన్నూ తమ్ముణ్ణీ ముందు ఎక్కించుకొని రోడ్డు దాకా తీసుకుపోయి దించేవాడు. తమ్ముడికి హారన్ కొట్టే పని. ఆ హారన్ వినిపిస్తే ఊళ్లో పిల్లలంతా మమ్మల్ని చూసి కుళ్లుకునేవాళ్లు.

ఒకరోజు పార కింద నల్లమట్టి తగిలింది. నాయన అందరినీ ఆపమన్నాడు. తానే దిగి, చేత్తో ఇసుక తోసి, కుళ్లిన చెరుకు మోడొకటి బయటికి తీశాడు. గుప్పెడు మట్టి తీసి వాసన చూసి అవ్వ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కళ్లకద్దుకుంది. డ్రైవర్ భాయి కూడా, "ముబారక్ అన్నా, నీ సేను నీకొచ్చింది" అన్నాడు. ఆ సాయంకాలం అమ్మ ఆ ఇసుక బెల్లంతోనే పాయసం వండింది. పంటి కింద కరకరమంటే అందరం నవ్వాం.

చేను దున్నారు. కొత్త చెరుకు నాటారు. ఇంజను మళ్లీ బావి మెట్ల మీదికి చేరింది. నీళ్లు కాలవలో పడగానే నేనూ తమ్ముడూ మా పాత ఆట మొదలుపెట్టాం. ఎండిన కాలవలోకి నీళ్లు వస్తుంటే, దాని ముందు అడుగు దూరంలో వెనక్కి వెనక్కి నడవాలి. నీళ్లు కాలిని తాకితే ఓడినట్టు.

చేలో ఇసుక అయిపోయాక లారీలు ఆగుతాయనుకున్నాం. ఆగలేదు. చేని పక్కన మేమిచ్చిన దోవలోనే ఇంకా ముందుకు పోయి, ఏట్లోకి దిగాయి. ఒకటి పోయి నాలుగయ్యాయి, తర్వాత లెక్కలేదు. ఊళ్లో పని లేని మగవాళ్లంతా లారీలకు ఎత్తే కూలికి పోయారు. చిన్నాయన కూడా పోయాడు. గానుగ లేని ఏడు అతనికి వేరే పనేముంది?

నడి వేసవికి ఇంజనును ఒక మెట్టు కిందికి దించారు. తర్వాత ఇంకో మెట్టు. ఒకరోజు సద్ది తీసుకుని నేను పోయేసరికి ఇంజను చప్పుడు మారింది. డుగుడుగుమనేది కాస్తా, ఎండు గొంతుతో దగ్గినట్టు. పైపు గాలి పీలుస్తోంది. నాయన ఆపేశాడు. ఒక్కసారిగా అంత నిశ్శబ్దం. నేను సద్ది గంప పెట్టి, కాలవలో వస్తున్న ఆ చివరి నీళ్ల ముందు వెనక్కి నడిచాను. కాస్త దూరం వచ్చాయి. చెరుకు మొదటి సాలు కూడా దాటక ముందే సన్నబడి, మట్టిలోకి ఇంకిపోయాయి. నేను కాలు ముందుకు జరిపాను, తాకుతాయేమోనని. తాకలేదు.

మర్నాడు పొద్దున నేను చూస్తుండగానే నాయన దోవలో లారీకి అడ్డంగా నిలబడ్డాడు. తెల్లచొక్కా ఆసామి జీపు దిగి వచ్చాడు.

"సామీ, మా సేలోది అయిపోయింది గదా. ఇంగ ఏట్లోది తోడొద్దు. బావిలో నీళ్లు దిగిపోయినాయి" అన్నాడు నాయన.

"ఏరు నీదా అప్పా?"

"నాది గాదు."

"మరి నీకేం నొప్పి? నేనేం దొంగతనంగా తోడ్తాండానా? ఏలం పాడుకున్నా. మీ యమ్మ సేతి మజ్జిగ తాగినానని మర్యాదగా సెప్తాండా, పక్కకు రా."

"ఏరు నాది గాదు గానీ..." అని మొదలుపెట్టి నాయన ఆగిపోయాడు. ఆ "గానీ" తర్వాత రావలసిన మాట ఆయనకు దొరకలేదు. ఎంత వెతికినా నాకూ ఇప్పటికీ దొరకలేదు.

లారీలో ఉన్నది డ్రైవర్ భాయి. హారన్ కొట్టలేదు. ఇంజన్ ఆపి కిందికి దిగి వచ్చాడు. "అన్నా, రా అన్నా పక్కకు. నేను గాకపోతే ఇంగోడు తోల్తాడు. నాకూ పిల్లలుండారు" అని నాయన చెయ్యి పట్టుకున్నాడు. లారీ పైన పారలు పట్టుకొని నిలబడ్డ కూలీల్లో చిన్నాయన ఉన్నాడు. అతను మొహం ఏటి వైపు తిప్పుకున్నాడు. నాయన ఒకసారి పైకి చూసి, తలపాగా విప్పి దులిపి, దోవ పక్కకు వచ్చేశాడు. లారీ మా పక్కనుంచి పోతుంటే దుమ్ము లేచింది. నేను కళ్లు మూసుకున్నాను.

ఆ రోజు సాయంకాలం అవ్వ ఇద్దరు కొడుకులనూ పక్కపక్కన కూర్చోబెట్టి సంగటి పెట్టింది. ఎవరూ ముద్ద తుంచలేదు. చివరికి చిన్నాయనే అన్నాడు. "నన్నేం సెయ్యమంటావన్నా? ఊళ్లో మొగోళ్లంతా ఆడనే ఉండారు. నేనొకణ్ణి మానేస్తే ఏరు నిండుతాదా?"

"నిండదు లే" అన్నాడు నాయన. "తిను."

నాయనా మరికొందరు రైతులూ కలిసి తిరుపతిలో ఆఫీసుకు పోయి చెప్పుకొని వచ్చారు. "ఏమన్నారు?" అని అమ్మ అడిగింది. "సూస్తామన్నారు." "ఎప్పుడు?" "అది సెప్పలే." మర్నాటి నుంచి అమ్మ ఊరి బావి నుంచి బిందెలతో నీళ్లు మోసి, ఇంటి వైపు ఉన్న ఒకే ఒక్క సాలు చెరుకుకు పోయడం మొదలుపెట్టింది. ఆమె వెనకే నాయనా ఒక కావడి ఎత్తుకున్నాడు. కొన్నాళ్లకు ఊరి బావిలోనూ నీళ్లు అడుగంటాయి. తాగడానికే లేకపోతే చెరుకుకు పోస్తారా అని ఊరివాళ్లు కోప్పడ్డారు. వాళ్లదీ న్యాయమే. ఆ సాలు కూడా ఎండింది. ఎండిన చెరుకును పశువులకు వేశాం. మేత అయిపోయాక పశువులను అమ్మేశాం. ఎద్దులు పోతూ పోతూ అలవాటు చొప్పున చేని దోవ వైపు మళ్లబోతే, కొన్నవాడు ముక్కుతాడు లాగి రోడ్డు మీదికి మళ్లించాడు.

అవ్వ మాత్రం ఏట్లోకి పోవడం మానలేదు. ఒక పొద్దున ఆమె వెంట నేనూ పోయాను. ఏరంతా గుంతలు, లారీ చక్రాల జాడలు. ఆమె ఎప్పుడూ తవ్వే చోటు ఇదేనా అని అటూ ఇటూ చూసుకుని, ఒక చోట కూర్చుని చిప్పతో తవ్వింది. మోచేయి దిగింది, నీళ్లు లేవు. భుజం దిగింది. ఇంకా వంగి, చెంప నేలకు ఆనించి తవ్వింది. చిప్ప దేనికో తగిలి ఆగింది. బయటికి తీసి చూస్తే పసుపుపచ్చటి బంకమన్ను. ఆమె దాన్ని వేళ్లతో నలిపి చూసింది. "కప్పుకున్న దుప్పటి గూడా లాక్కపోయినారు కదే" అంది. ఖాళీ బిందె నేనెత్తుకున్నాను. దారిలో ఆమె నా చెయ్యి పట్టుకుంది. అంతకుముందు ఎప్పుడూ నేను పడిపోకుండా ఆమె నన్ను పట్టుకునేది, ఆ రోజు నన్ను ఊతగా పట్టుకుంది.

తర్వాతి ఏడు మేము తిరుచానూరు చేరాం. నాయనకు ఒక లాడ్జిలో వాచ్‌మెన్ పని దొరికింది. అమ్మ గుడి వీధిలో పూలు కట్టేది. అవ్వ రానంది. చిన్నాయన దగ్గరే ఉండిపోయి, మరుసటి వానలు చూడకుండానే పోయింది. ఏట్లో ఇసుక అయిపోయాక లారీలు వేరే చోటికి పోయాయి, వాటి వెంట చిన్నాయనా పోయాడు. పండగలకు వస్తే తమ్ముడికీ నాకూ గుడ్డలు తెచ్చేవాడు. మునుపటి మాటకారితనం మాత్రం తేలేదు. అన్నదమ్ములిద్దరూ అరుగు మీద ఒకరి పక్కన ఒకరు ఊరికే కూర్చునేవాళ్లు.

ఒకసారి డ్రైవర్ భాయి ఆ లాడ్జికే వచ్చాడు. యాత్రికుల వ్యాను తోలుతున్నాడట. నాయనను చూసి గుర్తుపట్టి, గేటు దగ్గరే ఆగాడు. నాయనే స్టూలు జరిపి కూర్చోమన్నాడు. ఇద్దరూ టీ తాగారు. "ఇసకది మానేసినా అన్నా. నడుము పోయింది" అన్నాడు భాయి. "అట్లనా" అన్నాడు నాయన. పోయేముందు అవ్వ ఎట్లా ఉందని అడిగాడు. లేదని చెబితే, "ఆ ఊరిబిండి మా ఇంట్లో ఆమెకు ఎన్నిసార్లు సెప్పినా రాలే" అని తల వంచుకొని పోయాడు. అతని మీద నాకు కోపం రావాలి. రాలేదు. ఎవరి మీదైనా కోపం తెచ్చుకోగలిగితే బాగుండునని ఆ వయసులో చాలాసార్లు అనిపించింది.

చాలా ఏళ్ల తర్వాత సంగతి. అమ్మ పోయింది. నాయన నా దగ్గర తిరుపతిలో ఉండేవాడు. ఒక వానాకాలం ఏరు మళ్లీ పొంగిందని టీవీలో చూపించారు. నాయన ఆ రోజంతా కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. మూడో రోజు వాన తెరిపిచ్చాక, "ఒకసారి పోయి సూసొద్దామా పాపా?" అన్నాడు. ఏదీ అడగని మనిషి. ఆటో పిలిపించాను.

మా ఊరి పక్కకు పోతే ఏదీ పాత ఊరిలా లేదు. చేలన్నీ ప్లాట్లయ్యాయి, రంగు రాళ్లు పాతి ఉన్నాయి. ఆటో దిగి, చెయ్యి పట్టుకొని గట్టు దాకా నడిపించాను. నీళ్లు మునుపటిలా పరుచుకొని రావడం లేదు. లోతైన గుంతలో పడి, ఎర్రగా, ఒరుసుకుంటూ పోతున్నాయి. పట్టి ఉంచే ఇసుక లేక, అటూ ఇటూ గట్లు పెళ్లలు పెళ్లలుగా విరిగి లోపల పడుతున్నాయి. నాయన కళ్లు చిట్లించుకొని అటూ ఇటూ వెతికాడు. కర్రతో గెనిమలు వెతికిన మనిషి.

"మన సేను యాడొస్తాదో సూపీ పాపా" అన్నాడు.

నేను చూశాను. బావి లేదు, తాటిచెట్లు లేవు, దోవ లేదు. ఏరే తన చోటు మార్చుకుంది. ఏదో ఒక వైపు చెయ్యి చాపాను. "ఆడ నాయనా. ఆ కరెంటు స్తంభానికి ఇవతల."

నాయన నా వేలి వెంబడి చూశాడు. అక్కడ మా చేను కాదని నాకు అనుమానం. నాయనకు ఖాయంగా తెలిసి ఉంటుంది.

"అవును, ఆడే" అన్నాడు.

మా ముందే గట్టు ఒక పెళ్ల విరిగి, గడ్డితో సహా నీళ్లలో పడి కొట్టుకుపోయింది. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"పోదాం పా పాపా" అన్నాడు. "మనం సూస్తా ఉంటే నిలబడతాదా అది?"